సామాను వ్యాను మోస్తుంది.. మరి ఒళ్లు?

కొండదారుల్లో నాలుగైదు రోజుల సైకిల్ యాత్ర. రాత్రిళ్లు గుడారాల్లో నిద్ర. వెనకే సామాను మోసే వ్యాను, వంటవాళ్లు, మెకానిక్కు. వింటుంటేనే ప్రాణం లేచొస్తుంది కదూ! కానీ ఒంటిని సిద్ధం చేసుకోకుండా బయల్దేరితే ఈ సరదాయే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ వేసవిలో కొండలకు సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్నారా? అయితే ముందు ఇవి తెలుసుకోండి.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఓ ఫొటో వచ్చి పడుతుంది. మంచు కొండ ముందు సైకిల్ పట్టుకుని నవ్వుతున్న పాత సహోద్యోగి. కింద ఒకటే ప్రశ్న: 'వచ్చేసారి మీరూ వస్తారా?' రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి.. ఎక్కడ పనిచేస్తున్నా మీ రోజు దాదాపు ఒకేలా గడుస్తుంది. కంపెనీ బస్సులో గంట, కుర్చీలోనో మెషీను దగ్గరో ఎనిమిది గంటలు, మళ్లీ బస్సులో గంట. వారం మారితే షిఫ్టు మారుతుంది, షిఫ్టుతో పాటు నిద్రా మారుతుంది. ఆ ఫొటో చూడగానే మనసు లాగేస్తుంది. 'చిన్నప్పుడు రోజూ సైకిల్ మీదే బడికి పోయాం కదా, ఇదెంత! పైగా వెనక వ్యాను ఉంటుందట' అనిపిస్తుంది.

ఆ కోరిక మంచిదే. పెద్దవాళ్లంతా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొండ యాత్ర అనే లక్ష్యం ఎదురుగా ఉంటే ఆ 150 నిమిషాలు తేలిగ్గా దాటేస్తాం. చిక్కల్లా 'వ్యాను ఉంది కదా' అన్న ధీమాతోనే. వ్యాను మీ గుడారం మోస్తుంది, బియ్యం మోస్తుంది, దుప్పట్లు మోస్తుంది. మీ గుండె, ఊపిరితిత్తులు, మోకాళ్లు చేయాల్సిన పని మాత్రం చేయదు.

ఎక్కడికి వెళ్తున్నారు?

కొండ యాత్రలన్నీ ఒకలాంటివి కావు. ముందు ఏ ఎత్తుకు వెళ్తున్నారో చూసుకోవాలి.

1949లో మొదలైన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా హిమాచల్‌ప్రదేశ్‌లో గుడారాల బసతో సైకిల్ యాత్రలు నిర్వహిస్తూ వస్తోంది. వాటిలో జలోరీ కనుమ యాత్ర పేరున్నది. కులూ లోయలోని ఔట్ నుంచి బంజార్, జిభీ, షోజా మీదుగా దారి పైకి పోతుంది. జలోరీ కనుమ ఎత్తు సుమారు 3,100 మీటర్లు. చివరి కొన్ని కిలోమీటర్లు నిట్టనిలువుగా ఉంటాయి. బాగా తొక్కేవాళ్లు కూడా దిగి నెట్టుకుంటూ పోతుంటారు.

మనకు దగ్గర్లో కావాలనుకుంటే నీలగిరులు ఉన్నాయి. 2008లో మొదలైన 'టూర్ ఆఫ్ నీలగిరీస్' వెంట వాహనాలతో డిసెంబరులో జరిగే యాత్ర. అక్కడ గుడారాలు ఉండవు, బస హోటళ్లలోనే. ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. కాబట్టి ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. ఎక్కుడు మాత్రం తక్కువేమీ కాదు. మసినగుడి నుంచి ఊటీకి వెళ్లే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉంటాయి.

ఇక మనాలీ-లేహ్ దారి సంగతి వేరు. బారలాచా కనుమ ఎత్తు సుమారు 4,890 మీటర్లు. తంగ్‌లంగ్ కనుమ 5,300 మీటర్లు దాటుతుంది. గుడారాలు వేసే సర్చూ కూడా సుమారు 4,290 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇది తగిన దారి కాదు.

మనం ఉండేది ఎక్కడో కూడా గుర్తుంచుకోవాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణం సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తులో ఉంది. మన ఒళ్లు అలవాటుపడింది ఈ గాలికి. 3,000 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే సుమారు 70 శాతమే. 5,300 మీటర్ల దగ్గర దాదాపు సగం. మొదటి యాత్రకు రాత్రి పడుకునే చోటు 3,000 మీటర్లు దాటని దారినే ఎంచుకోండి. పగలు కాసేపు పైకెక్కి రావడం కన్నా, ఆ ఎత్తులో రాత్రంతా పడుకోవడమే ఒంటికి అసలు పరీక్ష.

టికెట్టు కన్నా ముందు డాక్టరు

చాలామంది రైలు టికెట్లు, జెర్సీలు, హెల్మెట్ అన్నీ కొన్నాక చివరి వారంలో 'ఫిట్‌నెస్ సర్టిఫికెట్' కోసం డాక్టరు దగ్గరికి పరుగెడతారు. ఇది తిరగేయాలి. మూడు, నాలుగు నెలల ముందే వెళ్లాలి. ఏదైనా తేడా కనిపిస్తే సరిచేసుకోవటానికి సమయం ఉంటుంది.

* వయసు 40 దాటినా, మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ ఉన్నా, పొగ తాగే అలవాటున్నా, ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులోనే గుండెపోటు వచ్చినా ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష లాంటివి అవసరమో కాదో ఆయన నిర్ణయిస్తారు.

* మీ కంపెనీ ఏటా చేయించే వైద్య పరీక్షల కాగితాలు బీరువాలోంచి తీసి వెంట పట్టుకెళ్లండి. రసాయనాలు, దుమ్ము మధ్య పనిచేసేవాళ్లకు చేసే ఊపిరితిత్తుల పరీక్ష ఫలితం ఇక్కడ బాగా పనికొస్తుంది.

* ఆడవాళ్లు, ముఖ్యంగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అయ్యేవాళ్లు, హిమోగ్లోబిన్ తప్పనిసరిగా చూపించుకోవాలి. రక్తహీనతతో ఎత్తుకు వెళ్తే ఆయాసం రెట్టింపవుతుంది. దాన్ని సరిచేయటానికి వారాలు పడుతుంది, కాబట్టి ముందే తెలియాలి.

* మధుమేహానికి ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే మోతాదు గురించి అడగండి. రోజంతా తొక్కితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. చలి రాత్రుల్లో దాన్ని ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.

* రక్తపోటుకు వాడే కొన్ని మందులు మూత్రం ఎక్కువయ్యేలా చేస్తాయి. కొన్ని గుండె వేగాన్ని అదుపులో పెడతాయి. మీరు వాడేది ఏ రకమో, యాత్రలో ఎలా వాడాలో తెలుసుకోండి. సొంతంగా మానేయొద్దు.

* ఉబ్బసం ఉన్నవాళ్లకు చల్లటి పొడిగాలి పిల్లికూతలు తెప్పించొచ్చు. ఇన్‌హేలర్ ఎప్పుడూ జేబులోనే ఉండాలి. చాలామంది దాన్ని బ్యాగులో పెడతారు, ఆ బ్యాగు వ్యాను ఎక్కుతుంది, ఆ వ్యాను అప్పటికే పది కిలోమీటర్లు ముందు ఉంటుంది! మీకు అవసరమైన మందులన్నిటికీ ఇదే నియమం.

ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లు, నడిస్తేనే ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లు, రక్తపోటు అదుపులో లేనివాళ్లు, గర్భిణులు ఈ యాత్ర ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాలి.

పన్నెండు వారాల తయారీ

ఇప్పటికే వారానికి రెండు, మూడుసార్లు నడవడమో, తొక్కడమో చేస్తున్నవాళ్లకు పన్నెండు వారాలు సరిపోతుంది. అసలు అలవాటే లేకపోతే ముందు రెండు నెలలు రోజూ నడక పెట్టుకోండి.

మొదటి నాలుగు వారాలు: వారానికి మూడు రోజులు, 45 నిమిషాల నుంచి గంట. సమతల దారిలో. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే.

5 నుంచి 8 వారాలు: వీటికి తోడు సెలవు రోజు 40, 50 కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు గుంజీలు, మెట్లెక్కడం. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లిఫ్టును మరిచిపోండి.

9 నుంచి 11 వారాలు: ఇదే అసలు ఘట్టం. వరసగా రెండు రోజులు, రోజుకు 50 కిలోమీటర్ల చొప్పున తొక్కండి. ఒక్కరోజు వంద కిలోమీటర్లు తొక్కేవాళ్లు చాలామందే ఉంటారు. మర్నాడు పొద్దున నొప్పులతో లేచి మళ్లీ సీటెక్కడమే కష్టం. యాత్రలో రోజూ ఎదురయ్యేది అదే.

పన్నెండో వారం: సగానికి తగ్గించండి. బాగా నిద్రపోండి.

తొక్కేది ఎక్కడ అంటారా? పటాన్‌చెరుకు దగ్గర్లోనే కొల్లూరు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. అందులో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఓ దారి ఉంది. లారీల భయం లేకుండా మొదటి వారాల సాధన అక్కడ చేసుకోవచ్చు. ఎక్కుడు అలవాటు కావాలంటే వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టలకు వెళ్లండి. అక్కడి ఎక్కుడు హిమాలయాలతో పోలిస్తే చిన్నదే. అందుకే ఒకసారి ఎక్కి ఫొటో దిగి వచ్చేయకుండా అదే గుట్టను నాలుగైదుసార్లు ఎక్కి దిగాలి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ వాడుతూ, పట్టి వదులుతూ దిగడం నేర్చుకోవాలి. కొండల్లో పెద్ద దెబ్బలు చాలావరకు దిగుడులోనే తగులుతాయి.

మన గాలి గురించీ ఓ మాట. పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. గట్టిగా తొక్కేటప్పుడు అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. గాలిలో ఏముంటే అదీ అన్ని రెట్లు లోపలికి పోతుంది. కాబట్టి జాతీయ రహదారి మీద లారీల వెనక సాధన వద్దు. చలికాలం తెల్లవారుజామున పొగ నేలబారున పేరుకుపోతుంది. ఆ రోజుల్లో ఎండ కాస్త వచ్చాకే బయల్దేరండి. గాలి ఘాటుగా అనిపించిన రోజు ఇంట్లోనే మెట్లెక్కండి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా సైకిల్ ఎక్కడం మాత్రం ఎన్నటికీ వద్దు. నిద్రమత్తులో రోడ్డు మీద తొక్కడం తాగి తొక్కడం లాంటిదే.

సైకిల్ ఒంటికి సరిపోవాలి

సీటు మీద కూర్చుని పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా ఉండాలి. తొక్కేటప్పుడు ముందుపాదం ఆనిస్తారు కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం, మరీ పైకి ఉంటే మోకాలి వెనక భాగం నొప్పెడతాయి. ఎక్కుడులో బరువు గేరు వేసి తొక్కకండి. తేలిక గేరులో చకచకా తిప్పండి. మోకాళ్లు మీకు రుణపడి ఉంటాయి.

మెత్తగా, వెడల్పుగా ఉన్న సీటు సుఖమనుకుంటాం. గంట దాటితే అదే ఒరిపిడి తెస్తుంది. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు వేసుకోండి. దాని లోపల మరో లోదుస్తు వద్దు, ఆ కుట్లే ఒరుసుకుని పుండ్లు చేస్తాయి. ఏ రోజుది ఆ రోజు ఉతికి ఆరేయండి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే అరచేతిలో నరం నలుగుతోందని అర్థం. గ్లవ్స్ వేసుకుని, పావుగంటకోసారి చేతులు పట్టే తీరు మార్చండి.

దారిలో తిండి, నీళ్లు

'రాత్రి క్యాంపులో అన్నం ఉంటుందిగా' అని పగలంతా కడుపు మాడ్చుకోవద్దు. ముప్పావు గంటకో గంటకో ఓసారి ఏదో ఒకటి నోట్లో పడాలి. అరటిపండు, నాలుగు ఖర్జూరాలు, పల్లీపట్టీ.. ఇంతకన్నా ఖరీదైనవేమీ అక్కర్లేదు. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, గుక్కగుక్కగా తాగాలి. చలిలో దాహం తెలియదు కాబట్టి మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపులో ఉంటే సరే. ముదురు రంగైతే నీళ్లు చాలడం లేదన్నట్టు. అలాగని లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగినా ఒంట్లో సోడియం పలచబడి ప్రమాదమే. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్‌ఎస్ కలుపుకోండి. లీటరుకు కలపాల్సిన పెద్ద ప్యాకెట్టును లీటరు నీటిలోనే కలపాలి, సగం సీసాలో కాదు.

క్యాంపుల్లో యాత్ర చెడగొట్టేది ఎక్కువగా విరేచనాలే. మరిగించిన, లేదా శుద్ధి చేసిన నీళ్లే తాగండి. తినే ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడగండి. చన్నీళ్లకు బద్ధకించొద్దు. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత ప్రతి వెయ్యి మీటర్లకు పది శాతం దాకా పెరుగుతుంది. చల్లగా ఉన్నా సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు తప్పవు. కనుమ మీదికి చేరగానే చెమటతో తడిసిన ఒంటి మీద జాకెట్ వేసుకున్నాకే దిగుడు మొదలుపెట్టండి.

ఆ తలనొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు

2,500 మీటర్లు దాటిన తర్వాత, సాధారణంగా ఆ ఎత్తుకు చేరిన 6 నుంచి 12 గంటల్లో తలనొప్పి మొదలై, దానికి తోడు వికారం, తల తిరగడం, విపరీతమైన నీరసం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. 'పొద్దున టీ తాగలేదు, అందుకే' అని సర్దిచెప్పుకోవద్దు.

ఇక్కడో విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఒంటి దారుఢ్యం ఎత్తు జబ్బును ఆపదు. పన్నెండు వారాలు సాధన చేసిన కుర్రాడికీ రావొచ్చు, ఏమీ చేయని పెద్దాయనకు రాకపోవచ్చు. పైగా బలంగా ఉన్నవాళ్లు వేగంగా పైకి పోతారు, ఇబ్బంది ఉన్నా బయటికి చెప్పరు. అందుకే వాళ్లకే ముప్పు ఎక్కువ.

నియమాలు మూడే. ఒకటి, 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు. మూడు, నాలుగు రోజులకోసారి ఒకేచోట ఆగాలి. మనాలీ-లేహ్ దారిలో జిస్పా సుమారు 3,200 మీటర్లు, తర్వాతి మజిలీ జింగ్‌జింగ్‌బార్ 4,200 మీటర్లు పైనే. ఒక్క రోజులో వెయ్యి మీటర్లు! అక్కడ మధ్యలో విశ్రాంతి రోజు లేని యాత్ర అయితే వద్దని చెప్పేయండి. రెండు, లక్షణాలు ఉన్నంతవరకూ మరింత పైకి వెళ్లొద్దు. మూడు, లక్షణాలు ముదిరితే వెంటనే కిందికి దిగాలి.

కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఆగని దగ్గు, నురగతో కఫం ఉన్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడినా, ఒక పాదం ముందు మరో పాదం పెట్టి తిన్నగా నడవలేకపోయినా మెదడు వాస్తున్నట్టు. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు. అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించాలి, ఆక్సిజన్ పెట్టాలి, ఆసుపత్రికి చేర్చాలి. ఎత్తు జబ్బు రాకుండా అసిటజోలమైడ్ అనే మందు ఉన్నా డాక్టరు సలహాతోనే వాడాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎత్తులో మద్యం, నిద్రమాత్రలు అసలే వద్దు.

వ్యాను ఎక్కడం ఓటమి కాదు

వ్యాను అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. అది సామాను కోసం వచ్చిన బండి మాత్రమే కాదు. కొండ మీద అదే మీ అంబులెన్స్. కానీ మన మగవాళ్లలో చాలామంది సైకిల్‌ను దాని మీదికి ఎక్కించడం పరువు తక్కువ అనుకుంటారు. గ్రూపులో ఏమనుకుంటారో, ఇంటికెళ్లాక పిల్లలకు ఏం చెప్పుకోవాలో అని పళ్ల బిగువున తొక్కుతారు. ఛాతీలో బరువుగా ఉన్నా 'గ్యాసే' అంటారు. వెనక వాహనం ఉండీ ఎక్కకపోతే, అది ఉన్నా లేనట్టే.

ఇంటి దగ్గరే ఓ ఒప్పందం రాసుకోండి. ఛాతీలో నొప్పి లేదా బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఆగినా తగ్గని ఆయాసం, తగ్గని తలనొప్పితో వాంతులు, కాలు ఆనించలేనంత మోకాలి నొప్పి.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చర్చ లేదు, వ్యానే. ఆ కాగితం మీ వెంట వచ్చే స్నేహితుడి దగ్గర ఉంచండి. 'నేను వద్దన్నా నన్ను ఎక్కించు' అని ముందే చెప్పండి. ఎత్తు జబ్బులో అందరికన్నా ముందు దెబ్బతినేది మన తీర్పే కాబట్టి, ఆ నిర్ణయం మరొకరి చేతిలో ఉండటం మేలు.

డబ్బు కట్టే ముందు అడగండి

* రాత్రిపూట వాహనం, డ్రైవరు క్యాంపులోనే ఉంటారా? లేక దింపేసి వెళ్లిపోతారా?
* అందరికన్నా చివర తొక్కేవారి వెనక ఎవరుంటారు?
* ఆక్సిజన్ సిలిండర్ ఉందా? ప్రథమ చికిత్సలో శిక్షణ ఉన్నవాళ్లెవరు?
* ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? విశ్రాంతి రోజు ఎప్పుడు?
* దగ్గర్లోని ఆసుపత్రి ఎక్కడ? ఎంతసేపు పడుతుంది?
* ఫోను సిగ్నల్ లేని చోట కబురు ఎలా పంపుతారు?

వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లతోనే వెళ్లండి. మీ ఆరోగ్య బీమా సాహస యాత్రలకు వర్తిస్తుందో లేదో కూడా పాలసీ కాగితంలో చూసుకోండి.

ఇంట్లోవాళ్లూ ఈ కాగితం చదవాలి. 'ఈ వయసులో అవసరమా' అని కొట్టిపారేయడం కన్నా, 'డాక్టరుకు చూపించుకున్నావా, పన్నెండు వారాలు తొక్కావా' అని అడగడం మంచిది. వీలైతే ఆదివారాలు కొల్లూరు ట్రాక్‌కు పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. ఒకవేళ ఈ ఏడు కనుమ దాకా చేరకపోయినా ఆ పన్నెండు వారాలు మీ ఒంటికి చేసిన మేలు ఎక్కడికీ పోదు. కొండ కూడా అక్కడే ఉంటుంది, వచ్చే ఏడు మళ్లీ వెళ్లొచ్చు.